ఇరువర్గాల ఘర్షణ, ఒకరి మృతి

11-2-1986. సాయంత్రం 6.30

ఈ ఉదయం ఎనిమిదీ ఇరవైకి సర్కారు ఆస్పత్రిలో మస్తానయ్య చనిపోయాడు. వయసు ముప్పై ఎనిమిది. రాళ్ళబోడు నాపరాయి క్వారీలో కూలీ. ఆరూ నలభైకి క్వారీ మలుపు దగ్గర నరికారు. గంటా నలభై నిమిషాలు బతికాడు.

నాకు తెలిసింది పదింటికి. పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేస్తే రైటర్ కానిస్టేబుల్ ఎత్తాడు. గ్రూప్ క్లాషండీ భూషణరావు గారూ, ఇటు ఒకటి డెత్తు, అటు ఇద్దరికి ఇంజురీసు, పికెట్ వేశాం, అన్నాడు. ఎవరు ఎవర్ని అని అడిగాను. ఎప్పుడూ ఉండే రెండు గ్రూపులే గదండీ, మీకు తెలవందేముంది, అన్నాడు.

పదీ నలభైకి తపాలా ఆఫీసులో ప్రెస్ టెలిగ్రాం ఇచ్చాను. మా పేపరు తెలుగుదే. కానీ తంతి వెళ్ళేది ఇంగ్లీషులో. విజయవాడ డెస్కులో దాన్ని మళ్ళీ తెలుగు చేసుకుంటారు. ఇచ్చింది ఇదీ: వన్ కిల్డ్ టూ హర్ట్ గ్రూప్ క్లాష్ రాళ్ళబోడు ట్యూస్‌డే మార్నింగ్ స్టాప్ టెన్షన్ ప్రివెయిల్స్ స్టాప్ పికెట్ పోస్టెడ్ స్టాప్ సిట్యుయేషన్ అండర్ కంట్రోల్.

తంతి గుమాస్తా అలీ సాహెబ్ కాయితం పూర్తిగా చూడకుండానే సగం కొట్టేశాడు. క్లాషు, టెన్షను, పికెట్టు, కంట్రోలు, ఈ నాలుగూ నా వేళ్ళకి వచ్చేసినయ్ సార్, ఇకమీదట ఊరి పేరు చెప్పి ఇంటికి పొండి, అన్నాడు. ఇద్దరం నవ్వాం.

పదకొండింటికి ఆర్డీవో మీటింగు. వేసవి మంచినీళ్ళ మీద. అది రాసి మధ్యాహ్నం బస్సులో కవర్ వేశాను. రాళ్ళబోడు పద్నాలుగు కిలోమీటర్లు. వెళ్ళలేదు.

12-2-1986

ఐదో పేజీ, సింగిల్ కాలమ్, ఎనిమిది లైన్లు. ‘రాళ్ళబోడులో ఇరువర్గాల ఘర్షణ, ఒకరి మృతి’. అచ్చు తప్పులు లేవు.

13-2-1986. రాత్రి భోజనం ముందు

వెళ్ళి వచ్చాను. రెండు రోజులు ఆలస్యం.

బస్సు క్వారీ మలుపులోనే ఆగుతుంది. పికెట్ అంటే నలుగురు కానిస్టేబుళ్ళు, ఒక టార్పాలిన్. ఒకడు చెట్టుకి అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. పక్కనే షాహిదా అనే ఆమె టీ బంకు. భర్త లారీ మెకానిక్కు, మాచర్లలో ఉంటాడు. బంకు ఆమే నడుపుతుంది. నేను పేపరు మనిషినని తెలియక ముందే చెప్పింది. తెలిశాక ఇంకాస్త గట్టిగా చెప్పింది.

గర్షణ ఏందయ్యా, నిన్న ఇక్కడే ఎవరో సదివితే విన్నా. మస్తానన్న ఈ బెంచీ మీద కూకుని టీ తాగుతన్నాడు. ఆ రాళ్ళ గుట్ట ఎనకమాల తొమ్మిదిమంది కాపు కాశారు. వచ్చారు, ఏశారు, పోయారు. పొయ్యి మీద పాలు పొంగేంత సేపు పట్టలా. కొట్లాటంటే అటో చెయ్యి ఇటో చెయ్యి లేవాల. ఆ మడిసి చేతిలో గలాసు తప్పితే ఏం లేదు. గలాసు కూడా పగల్లేదు, అదుగో ఆ వరసలోనే ఉంది. ఏదో గుర్తు లేదు, కడిగేశా.

నేను తాగుతున్న గ్లాసు కింద పెట్టాను.

ఎందుకు చంపారో ఊళ్ళో ఎవరినీ అడగనక్కర లేకపోయింది. పోయిన ఏడు జరిగిన ఒక హత్యకి మస్తానయ్య కళ్ళారా చూసిన సాక్షి. అందులో ముద్దాయి మాజీ సర్పంచి పెద్దన్న అల్లుడు. మస్తానయ్య కోర్టులో చెప్పవలసింది ఈ సోమవారం, పదిహేడున. చెప్పొద్దని రెండుసార్లు కబురు చేశారట. ఏం ఆడు చావలా, నేను చూళ్ళా, అని తిరుగు కబురు పంపాడట.

నరికినవాళ్ళు తొమ్మిదిమందీ పెద్దన్న మనుషులు. నరికి నేరుగా స్టేషన్‌కి పోయారు. ఇది ఇక్కడ పాత పద్ధతి. ముందు పెట్టినవాడిది కేసు, తర్వాత పెట్టినవాడిది కౌంటర్ కేసు. పోయే ముందు తమ చేతి మీద తామే ఒక గీత గీసుకుంటారు. ఎనిమిదీ పదికి వాళ్ళ కంప్లయింట్ రాయడం అయిపోయింది. ఎనిమిదీ పదికి మస్తానయ్య తమ్ముడు కోటేశ్వర్లు అన్న తలని ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రి వరండాలో ఉన్నాడు. ట్రాక్టరు మీద తెచ్చింది అతనే. మధ్యాహ్నం పన్నెండుకి అదే వరండాలో అతన్ని అరెస్టు చేశారు. వాళ్ళ కేసులో అతను ఏ-1, మొదటి ముద్దాయి. సెక్షన్ 307, అటెంప్ట్ టు మర్డర్. పొడిచాడంటున్న సమయానికి క్వారీ లోపల రాయి కోస్తున్నాడని పదిమంది చెప్తున్నారు. అరుపులు విని పైకొచ్చాడు.

నాంచారమ్మ మస్తానయ్య భార్య. గుమ్మంలో కూర్చుని ఉంది. పేపరాయన వచ్చాడే అని ఎవరో చెప్పారు. తల ఎత్తి, మా ఆయన ఎవర్ని కొట్టాడయ్యా, అంది. నేను అక్కడ లేనమ్మా అన్నాను. మరెట్టా రాశావ్, అంది. పోలీసులు చెప్పారన్నాను. ఆళ్ళు చెబితే నువ్వు రాశావ్, నువ్వు రాశావని ఆళ్ళు మా మరిదిని పట్టకపోయారు, బానే ఉంది మీ ఇద్దరి యాపారం, అంది.

వరస తప్పు. అరెస్టు పదకొండున, వార్త పన్నెండున. ఆ మాట ఆమెతో అనలేదు.

14-2-1986

కొత్త టెలిగ్రాం: నైన్ మెన్ యాంబుష్డ్ అండ్ హ్యాక్డ్ విట్నెస్ స్టాప్ నో క్లాష్. అలీ సాహెబ్ కీ మీద చెయ్యి ఆపి, యాంబుష్ మన దగ్గర కొత్తది సార్, అన్నాడు. మన దగ్గర చాలా పాతదే సాహెబ్, మాటే కొత్తది, అన్నాను. ఈసారి నవ్వలేదు.

15-2-1986

పేపర్లో ఆరు లైన్లు. ‘రాళ్ళబోడు ఘర్షణలో మరణించిన మస్తానయ్య ఒక కేసులో సాక్షి అని తెలిసింది.’

ట్రంక్ కాల్ బుక్ చేస్తే గంటన్నరకి కలిసింది. డెస్క్ ఇన్‌చార్జి పేరయ్య గారు. నాకంటే రెండేళ్ళు సీనియరు. క్లాష్ తీసేసి దాడి అని సవరణ వెయ్యమన్నాను. భూషణం, మొన్న క్లాష్ అన్నది నువ్వే, ఇవాళ కాదంటున్నదీ నువ్వే, ఎల్లుండి ఏమంటావో తెలీదు, సవరణ వేస్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టు, ఫాలో అప్ రాసుకో, అన్నారు. మూడు నిమిషాలు అయిపోయాయి.

డాక్టరు దగ్గర సర్టిఫికెట్లు చూశాను. మస్తానయ్యకి పదకొండు ఇన్‌సైజ్డ్ ఊండ్స్, అంటే కత్తి గాయాలు. ఎనిమిది వెనక వైపు. అవతల పక్షంలో ఒకడికి ఎడమ ముంజేతి మీద రెండంగుళాల గీత, చర్మం వరకే, సింపుల్. ఇంకొకడికి మోకాలి మీద దోకుడు, సింపుల్. ఆ గీత ఎవరికి వాళ్ళు గీసుకోవచ్చా అని అడిగాను. పాజిబుల్, అడిగితే చెప్తాను, అన్నాడు డాక్టరు. అడగనిదే చెప్పడు. నాలాగే.

17-2-1986

పాత కేసు వాయిదా. బంట్రోతు మస్తానయ్య పేరు మూడుసార్లు పిలిచాడు. ప్రతిసారీ కాస్త ఆగాడు. సమన్లు అందిన సాక్షి గైరుహాజరు అని రాసుకున్నారు. ముద్దాయి బెంచీ మీద పెద్దన్న అల్లుడు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

2-3-1986. ఆదివారం

బీరువా తీసి 79 నుంచి నా టెలిగ్రాముల కార్బన్ కాపీలు కింద పోశాను. పొద్దున తొమ్మిది నుంచి రెండింటి దాకా పట్టింది.

చావు వార్తలు నలభై ఒకటి. అందులో గ్రూప్ క్లాష్ ముప్పై మూడు. మిగతావి: స్టాబ్డ్ మూడు, బాంబ్ బ్లాస్ట్ మూడు, మర్డర్ రెండు. ఆ మర్డర్లు రెండూ భార్యల్ని భర్తలు చంపినవి. అక్కడ గ్రూపులు లేవు గనక వేరే మాట దొరికింది.

ముప్పై మూడు క్లాషుల్లో నిజంగా రెండు వైపులా కత్తులు లేచినవి ఎన్ని? ఐదింటికి మాత్రమే చెప్పగలను. ఐదింటికే వెళ్ళాను. ఆ ఐదులో రెండు నిజం క్లాషులు.

బద్ధకం అని రాసుకుంటే సుఖంగా ఉండేది. కానీ అదొక్కటే కాదు. గ్రూప్ క్లాష్ అంటే ఎవరి పేరూ రాయనక్కరలేదు. పేరు రాయకపోతే ఎవరూ మన గడప తొక్కరు. షాహిదా చెప్పినట్టు కాపు కాశారు, ఏశారు అని రాస్తే, ఎవరు అని డెస్కు అడుగుతుంది. చెప్పాలి. చెప్పి ఈ ఊళ్ళోనే ఉండాలి. ఇరవై ఒక్కేళ్ళుగా ఇంట్లో నిద్రపోతున్నాను. ఆ నిద్ర ఎక్కడి నుంచి వచ్చిందో ఈ కుప్పలో ఉంది.

మా ఆవిడ వచ్చి, ఏందండీ ఇల్లంతా, అంది. పాత కాయితాలు, పారేద్దామనుకుంటున్నా అన్నాను. మళ్ళీ బీరువాలో పెట్టాను.

12-3-1986

బెయిల్. మస్తానయ్య హత్య కేసులో అరెస్టయిన తొమ్మిదిమందికీ.

పెద్దన్న నరసరావుపేట నుంచి మంచి లాయర్ని పెట్టాడు. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. ఇది ఫ్రీ ఫైట్ యువరానర్, అన్నాడు. ఫ్రీ ఫైట్, అంటే రెండు వైపులా కలబడి కొట్టుకున్నారని కోర్టు ఒప్పుకుంటే గుంపు మొత్తానికీ హత్య అంటదు, ఎవరి దెబ్బ వాడిది. పదకొండు గాయాల్లో ఏది ఎవడిదో ఎవరు చెప్తారు? అదీ కాక, ఫైట్ అయితే కోటేశ్వర్లు కూడా అందులో ఉన్నట్టే. ఒక్క మాటతో తొమ్మిదిమంది బయటికి, ఒకడు లోపలికి. ఫైలు లోంచి పేపరు కత్తిరింపు తీసి చదివాడు. నా ఎనిమిది లైన్లు. చక్కగా చదివాడు, ఒత్తులతో సహా. పత్రికలకి మా మీద ప్రేమా లేదు, ద్వేషమూ లేదు, అన్నాడు.

కోటేశ్వర్లుకి బెయిల్ రాలేదు.

కోర్టు మెట్ల మీద నాంచారమ్మ నన్ను పట్టుకుంది. ఆ కాయితంలో రాసింది నువ్వే గదా, నువ్వే చెరిపెయ్యి, అంది. అచ్చయింది చెరపలేం అమ్మా అన్నాను. మా మరిది పలక మీద రాసింది గూడా చెరపటం చాతగాని ఎడ్డోడు, చదువుకోలా, నువ్వు చదువుకున్నావు గదా, అంది. పక్కనున్న గుమాస్తాలు నవ్వారు. ఆమె నవ్వించడానికి అనలేదు.

30-4-1986

కోటేశ్వర్లుకి బెయిల్. షరతు: పొద్దునా సాయంత్రం స్టేషన్‌లో సంతకం. పద్నాలుగు కిలోమీటర్లు రెండు పూటలా రాలేడు. క్వారీ మానేసి బస్టాండు పక్క మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. సంతకం రాదు, వేలిముద్ర వేస్తున్నాడు.

వాళ్ళ తొమ్మిదిమందికి వారానికి ఒకసారి.

18-11-1986

పాత కేసు కొట్టేశారు. పెద్దన్న అల్లుడు విడుదల. సాక్ష్యం లేదు. నాలుగు లైన్లు పంపాను. నాలుగూ వేశారు.

9-7-1987

పొద్దున తొమ్మిదింటికి కోర్టు అమీనా వచ్చి సమన్లు ఇచ్చాడు. మస్తానయ్య కేసులో నేను సాక్షిని. డి.డబ్ల్యు. 1. డిఫెన్స్ విట్నెస్. పెద్దన్న వైపు.

విచారణ నెల రోజులుగా నడుస్తోంది. షాహిదా సాక్ష్యం చెప్పింది. రెండు గంటలు క్రాస్ చేసినా, గలాసు మాట వదల్లేదు. డాక్టరు కూడా చెప్పాడు. అడిగారు గనక. ఇక డిఫెన్సుకి మిగిలింది ఫ్రీ ఫైట్ ఒక్కటే. పేపరు కత్తిరింపు ఊరికే చూపిస్తే సెషన్స్ కోర్టులో చెల్లదు. రాసినవాడు బోనెక్కి నాదే అనాలి.

రెండు కేసులూ ఒకే జడ్జి. రెండింటికీ ఒకే పీపీ, సర్కారు వకీలు. ఒక కేసులో కోటేశ్వర్లు ఆయనకి సాక్షి, ఇంకో కేసులో ముద్దాయి. పొద్దున నమ్ముతాడు, మధ్యాహ్నం నమ్మడు. జీతం ఒకటే.

12-7-1987. సాయంత్రం

పెద్దన్న మా ఇంటికి వచ్చాడు. మొదటిసారి. తెల్ల పంచె, చేతిలో అరటిపళ్ళ గెల. కూర్చోమంటే గానీ కూర్చోలేదు. మా ఆవిడని చెల్లెమ్మా అన్నాడు. మంచినీళ్ళు తాగాడు.

నేనేం అబద్ధం చెప్పమనటంలా బావగారూ, అన్నాడు. మీరు రాసిందేందో అదే చెప్పండి. ఆ రోజు రాశారు గదా, ఆ రోజు మీకు నేనెవరు, మస్తానుగాడెవరు? ఇప్పుడు మారిస్తే లోకం ఏమనుకుంటది, పేపరోళ్ళు పూటకో మాట అనుకోదా? మీ మాటకి ఇలవ ఉంది, అది మీరే తీసుకోబాకండి.

ప్రతి మాటా నిజం. ఇరవై రెండేళ్ళలో నా రాతని ఇంత శ్రద్ధగా చదివినవాడు ఇంకొకడు లేడు.

గెల వరండాలో ఉంది. ఎవరం ముట్టుకోలేదు. పంపించెయ్యనూ లేదు.

20-7-1987

పేపరు మేనేజర్ ఉత్తరం. కోర్టులో ‘విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసిన సమాచారం’ అని మాత్రమే చెప్పాలి. స్థలానికి వెళ్ళారా లేదా అన్న విషయం సంస్థ ప్రతిష్ఠకి సంబంధించినది. అలా చెప్పడం కుదరదనుకుంటే ముందుగా గుర్తింపు కార్డు, టెలిగ్రాం అథారిటీ కార్డు వెనక్కి పంపాలి.

యాభై మూడేళ్ళు నాకు. వేరే పని రాదు.

24-7-1987

మిల్లు దగ్గర కోటేశ్వర్లు కనిపించాడు. బస్తా దించి, వీపు తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను. మీరు చెప్పటానికి వస్తన్నారంట గదా అన్నా, అన్నాడు. అవునన్నాను. ఎన్నేళ్ళు పడద్ది నాకు, అని అడిగాడు. నాకు తెలియదన్నాను. పదేళ్ళ దాకా పడచ్చు అన్నాడంట మా లాయరు. వదిన ఒక్కతే, ఇద్దరు ఆడపిల్లలు. ఐదయితే ఎట్టాగో ఓర్చుకుంటది, పది అయితే కష్టం, అన్నాడు. ధాన్యం రేటు గురించి మాట్లాడుతున్నట్టు అన్నాడు.

రెండు పూటలా వేలిముద్రలు వేసి వేసి అతని ఎడమ బొటనవేలు గోరు చుట్టూ నల్లబడి ఉంది.

27-7-1987

నరసరావుపేట వెళ్ళి పీపీని కలిశాను. చెప్పాను: నేను ఆ రోజు రాళ్ళబోడు వెళ్ళలేదు. చూడలేదు. ఎవరినీ అడగలేదు. స్టేషన్ రైటర్ ఫోన్లో అన్న మాట యథాతథంగా పంపాను. రైటర్‌కి ఆ మాట ఇచ్చింది పెద్దన్న మనుషులు. అంటే ఆ ఎనిమిది లైన్లూ ముద్దాయిలు రాసినవే, మధ్యలో చేతులు మారాయి. నన్ను క్రాస్ చెయ్యండి, స్థలానికి వెళ్ళావా అని ఒక్క ప్రశ్న అడగండి చాలు.

ఆయన విడెం నములుతూ విన్నాడు. చూద్దాం లెండి, అన్నాడు. అడుగుతారా లేదా అన్నాను. మీరు డిఫెన్స్ విట్నెస్ అండీ, నా దగ్గరికి రావడమే తప్పు, అన్నాడు. మీరు అడక్కపోతే నేనే చెప్తానన్నాను. అడక్కుండా చెప్పింది రికార్డులోకి ఎక్కాలని లేదు, జడ్జిగారు టైపిస్టుని ఆపమంటే ఆగుతుంది, అన్నాడు.

తిరిగొచ్చి రెండు కార్డులూ కవర్లో పెట్టి రిజిస్టర్ పోస్టు చేశాను. అలీ సాహెబ్ రసీదు రాసిస్తూ అడ్రసు చూశాడు. ఏంది సార్ ఇది, అన్నాడు. రాజీనామా అన్నాను. రేపటి నుంచి ఎవరు ఇస్తారు మరి, అన్నాడు. ఎవరో ఒకరు వస్తారన్నాను. వచ్చినాయనకి ఊరికి పోయి రమ్మని నేనే చెప్తా, టెలిగ్రాం సాయంత్రం ఐదు దాకా తీసుకుంటాం, తొందరేం లేదు అని, అన్నాడు.

ఆ మాట ఇరవై రెండేళ్ళుగా గోడ మీద బోర్డులో రాసి ఉంది.

29-7-1987. ఉదయం 5.40

వీధి చివర పెద్దన్న పంపిన కారు ఆగి ఉంది. డ్రైవర్ అద్దాలు తుడుస్తున్నాడు. నేను ఆరూ పది బస్సుకి వెళ్తాను. నాంచారమ్మ, కోటేశ్వర్లు కూడా దానికే వస్తారు. వేరే బస్సు లేదు.

ఈ వార్త మీరు రాసిందేనా అని లాయరు అడుగుతాడు. అవును.

చూశారా అని ఎవరూ అడక్కపోవచ్చు. చూడలేదని చెప్తాను. టైపిస్టు కొట్టినా కొట్టకపోయినా, వాళ్ళిద్దరూ వినేలా చెప్తాను.

పదిన్నరకి మొదటి పిలుపు నాది. రెండు కేసుల్లోనూ తీర్పు ఆగస్టు 14న.